చదివింపుల పుస్తకంలో పదివేలు

"పీనుగు ముందు పెట్టిన డబ్బు బాకీలో కోసుకుంటావా? నోరెలా వచ్చింది కుంపరే నీకు?"

"కోసుకోవడం ఏంటి కుమరే? ఇచ్చాను, తీసుకున్నావు. మీ ఆడబిడ్డ పుస్తకంలో రాసుకుంది కూడా. రాయలేదని చెప్పు, ఇప్పుడే లేచి పోతాను."

"రాసింది చదివింపుల పుస్తకంలో!"

"ఏ పుస్తకమైతేనేం, పదివేలు పదివేలేగా."

ఊరి తగువులు తీర్చే బరంగాయ్ హాలు కిటికీ అవతల కుక్కలకి సూదులు వేయించడానికి జనం వరస కట్టి ఉన్నారు. లోపల గొంతులు లేచేసరికి కుక్కలు కూడా అందుకున్నాయి. "ముందు ఆ లోపలివాళ్ళకి వెయ్యండి డాక్టరుగారూ, కరుచుకునేలా ఉన్నారు" అన్నాడు వరసలో ఒకడు. నవ్వులు. బసిలీసాకి ఆ నవ్వులన్నీ వినపడ్డాయి. ఎవరి నవ్వు ఏదో కూడా తెలిసింది. అందులో సగం మంది పైకప్పులు ఆమె కుట్టిన తడకలే.

ఏటి మొగ బురదలో మొలిచే నీపా అనే తాటిజాతి చెట్ల మట్టలు కోసుకొచ్చి, ఆకుల్ని వెదురు బద్ద మీద మడిచి కుట్టి ఇళ్ళ కప్పుకి తడకలు చెయ్యడం ఆమె పని. పన్నెండో ఏట మొదలుపెట్టింది, ఇప్పుడు యాభై తొమ్మిది. భర్త ఫిలెమోన్ పడవేసుకుని మట్టలు కోసేవాడు, ఆమె కుట్టేది. కుట్టినవి కొనేది క్రిసాంతో. తడకలు, వెదురు, కొబ్బరి దూలాలు ఈ వాడలో కొని పట్నంలో అమ్ముతాడు. బసిలీసా కూతురి బాప్తిస్మానికి జ్ఞానతండ్రిగా నిలబడ్డవాడు కూడా అతనే. అందుకే ముప్ఫై ఏళ్ళుగా అతనికి ఆమె కుమరే; ఆమెకి అతనూ, అతనికి ఆమె భర్తా కుంపరే. ఆ పిలుపున్న చోట కాగితాలు అడగరు. అడిగితే మనిషిని దొంగ అన్నట్టే.

అయినా బసిలీసా దగ్గర ఒక కాగితం ఉంది. కాగితం కూడా కాదు, సిగరెట్ల డబ్బా అట్ట. నాలుగున్నరేళ్ళ కిందట తుపాను వాడనంతా ఊడ్చేసిన ఏడాది క్రిసాంతో దాని మీద స్వయంగా రాశాడు. "తడకలు 6,000. ఒక్కోటి 8. ఇచ్చింది 6,000 పెసోలు. ఇవ్వాల్సింది 42,000." కింద సంతకం. సముద్రం ఒడ్డున కొత్తగా కట్టే విడిది ఇళ్ళకి ఆ తడకలు. పని త్వరగా కావాలన్నారు. ఫిలెమోన్ వరద నీళ్ళలోనే నడుముదాకా దిగి మట్టలు కోశాడు. కాలికి పుండుంది. ఎలుకలు తిరిగే నీళ్ళు. ఆరువేల తడకలూ లారీకెక్కిన వారానికి జ్వరం, కళ్ళు పసుపు, ఆపైన మూత్రం ఆగిపోయింది. తొమ్మిది రోజుల్లో పోయాడు.

ఇక జాగారం.

శవాన్ని ఇంట్లో ఉంచి ఏడు రాత్రులు మేలుకున్నారు. వాకిట్లో పేకాట బల్లలు, లోపల శవపెట్టె, దాని పక్కన బసిలీసా, మూలన చదివింపులు రాస్తూ ఫిలెమోన్ చెల్లెలు నింఫా. అయిదో రోజు సాయంత్రం క్రిసాంతో వచ్చాడు. శవం ముందు శిలువ గుర్తు వేసుకున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. అది నటన కాదు, బసిలీసా ఇప్పటికీ అదే చెబుతుంది. ఒక కవరు తీసి ఆమె చేతిలో పెట్టి చెవి దగ్గర వంగి అన్నాడు: "కుంపరే పెట్టె ఖర్చుకి. మనసులో ఏం పెట్టుకోకు." కవర్లో పదివేలు.

చావింట్లో చదివింపు ఇచ్చినవాళ్ళకి "మేలు చేశావు" అనకూడదు. గుమ్మందాకా సాగనంపకూడదు. అలా అన్నా, సాగనంపినా ఆ ఇంటికి ఇంకో చావుని పిలిచినట్టు. బసిలీసా అనలేదు, లేవలేదు. కవరు నింఫాకి అందించింది. నింఫా ఎంచి, వాళ్ళ వాడుక ప్రకారం పేరు, అంకె మాత్రం రాసింది: క్రిసాంతో 10,000. "పెట్టెకిచ్చావు కుంపరే, నీ మేలు మరవను" అని పైకి ఒక్క మాట అని ఉంటే పేకాటవాళ్ళు పదిమంది వినేవాళ్ళు. అనకూడదు కాబట్టి అనలేదు.

ఆ తరవాత నాలుగేళ్ళు బాకీ అడగలేకపోయింది. అడుగుదామని దుకాణం దాకా వెళ్ళేది. పెట్టె డబ్బు గుర్తొచ్చేది. "ఏం కుమరే, ఇలా వచ్చావు?" అని అతనంటే, "ఏం లేదు, మేకులు కావాలి" అని పావుకిలో మేకులు కొనుక్కుని తిరిగొచ్చేది. అతనూ కష్టాల్లోనే ఉన్నాడు. విడిది ఇళ్ళ యజమాని డబ్బు ఎగ్గొట్టి పోయాడు. జనం రేకుల కప్పుకి మళ్ళారు. ఇవన్నీ నిజాలే. కానీ ఏటా, ఆ దీవి వాడుక ప్రకారం, సెప్టెంబరు రాగానే అతని దుకాణం ముందు క్రిస్మస్ దీపాలు వెలిగేవి. అదీ నిజమే.

అడగక తప్పని పరిస్థితి ఒక ఎర్ర గుర్తుతో వచ్చింది. మునిసిపాలిటీ శ్మశానంలో పేదవాళ్ళని సిమెంటు అరల్లో పెడతారు, ఒకదానిమీద ఒకటి, అయిదు అంతస్తులు. అర అద్దెకి. అయిదేళ్ళకి. గడువు దాటితే పగలగొట్టి, ఎముకలు సంచిలో వేసి, ఇంకొకరికి ఇస్తారు. జులైలో మొక్కుబడికి పువ్వులు పట్టుకెళ్తే 214 నంబరు అర మీద ఎర్ర రంగుతో అడ్డగీత ఉంది. కాపలావాడు పళ్ళు కుట్టుకుంటూ చెప్పాడు. "జనవరి ఆఖరు, బసిలీ అక్కా. ఏడువేల అయిదొందలు. ఒక్కరోజు ఆలస్యమైనా నా చేతిలో ఉండదు."

అందుకే ఈ బరంగాయ్ హాలు. ఒకే ఊరివాళ్ళ తగువైతే ముందు ఇక్కడికే రావాలి.

బరంగాయ్ పెద్దమనిషి బల్ల మీద రెండు చేతులూ పెట్టి అన్నాడు. "అక్కా, ఆ పదివేలు తీసేస్తే ముప్ఫై రెండు. క్రిసాంతో, ఇవాళ ఎంతివ్వగలవు?"

"ఎనిమిది వేలు. ఇప్పుడే, ఇక్కడే." క్రిసాంతో జేబులోంచి నిజంగానే తీశాడు. "మిగతాది నెలకి రెండువేల చొప్పున. పదివేలు బాకీలో ముట్టిందని సంతకం పెట్టు కుమరే. అంతే."

ఎనిమిది వేలు. అరకి ఏడువేల అయిదొందలు. చేయి చాపితే అందేంత దూరంలో ఉంది డబ్బు.

"పెట్టు వదినా సంతకం" అంది నింఫా వెనక నుంచి, గుసగుసగా.

బసిలీసా కాగితం చూసింది. "అంటే, మా ఆయన పెట్టె నా తడకల డబ్బుతోనే కొన్నానన్నమాట. నువ్వేం ఇవ్వలేదన్నమాట."

"అలాగని నేననలేదు."

"కాగితం అంటోంది."

"అబ్బా, మాటలు పట్టుకుని వేలాడకు కుమరే! డబ్బు కావాలా, మాట కావాలా?"

"రెండూ నావే."

సంతకం పెట్టలేదు. బరంగాయ్ పెద్దమనిషి నిట్టూర్చి, రాజీ కుదరలేదని, కోర్టుకి వెళ్ళవచ్చని రాసి ముద్ర కొట్టి ఇచ్చాడు. బయటికొస్తుంటే నింఫా ఆమె మోచెయ్యి పట్టుకుని గుంజింది. "ఎనిమిది వేలు చేతిలోకొచ్చాయి. వదిలేశావు. మా అన్నయ్యని సంచిలో వేస్తే ఆ మాట కప్పుతావా మీద?"

బసిలీసా చెయ్యి విడిపించుకుని నడిచింది. కోర్టు మొత్తం నలభై రెండూ ఇప్పిస్తుందని గట్టిగా నమ్మింది.

చిన్న బాకీల కోర్టులో వకీళ్ళు ఉండరు. ఎవరి మాట వాళ్ళే చెప్పుకోవాలి, ఒక్కరోజులో తేలిపోతుంది. అది ఆమెకి నచ్చింది. నచ్చనిది రుసుము. అర కోసం పాలడబ్బాలో వేసుకున్న మూడువేలల్లో రెండువేల మూడొందలు దావా కాగితానికీ, సమన్లకీ పోయాయి. మిగిలింది నకళ్ళకీ జీప్నీ ఛార్జీలకీ. డబ్బా ఖాళీ అయింది. కడిగి, బోర్లించి, పెరట్లో పెట్టింది.

విచారణ ముందురోజు క్రిసాంతో జవాబు చేతికొచ్చింది. బాకీ ఒప్పుకున్నాడు. పదివేలు ఫలానా తేదీన చెల్లించాననీ, దావా వేసినావిడ ఇంటి పుస్తకంలోనే అది ఉందనీ రాశాడు.

నింఫా ఆ పుస్తకం తెచ్చి బల్ల మీద పడేసింది. స్కూలు పిల్లల నోటుపుస్తకం, అట్ట మీద గులాబీ రంగు కుందేలు. "దీన్ని తీసుకెళ్ళకు. చెదలు తినేశాయని చెప్పు. నీపా ఇంట్లో చెదలు తినవా ఏంటి? ఎవరు కాదంటారు?"

"చచ్చినవాడి పుస్తకం మీద అబద్ధమా?"

"చచ్చినవాడు కోర్టుకి వస్తాడా?"

"ఇది చదివింపుల పుస్తకం నింఫా. మొదటి పేజీ నుంచి ఆఖరు పేజీ దాకా అన్నీ చదివింపులే. ఒక్క పేజీ తిప్పినవాడికి ఎవడికైనా తెలుస్తుంది. ఇదే మనకి సాక్ష్యం."

పైగా ఆమెకి ఇంకో ధైర్యం ఉంది. చదివింపు తీసుకున్నవాళ్ళు, ఇచ్చినవాళ్ళింట్లో చావైనప్పుడు తిరిగి చదివించాలి. పుస్తకం దాచుకునేది అందుకే. రెండేళ్ళ కిందట క్రిసాంతో తల్లి పోయింది. పదివేలు బసిలీసా దగ్గర ఎక్కడివి? ఇంట్లో ఉన్న నాలుగొందల తడకలు జాగారం పందిరికి పంపింది. ఆ తరవాత నలభయ్యో రోజు లోపల, వేళ్ళు చిట్లి ఆకు మీద నెత్తురు మరకలు పడుతున్నా, ఇంకో ఎనిమిదొందల యాభై కుట్టి చేర్చింది. మొత్తం పన్నెండొందల యాభై. ఒక్కోటి ఎనిమిది చొప్పున సరిగ్గా పదివేలు. క్రిసాంతో కోడలు వాళ్ళ పుస్తకంలో రాసుకోవడం కళ్ళారా చూసింది. వాళ్ళ వంటిల్లు ఇప్పటికీ ఆ తడకల కిందే ఉంది.

కోర్టు గది చిన్నది. జడ్జి నలభై దాటని ఆవిడ, జలుబు చేసి ఉంది, మాటిమాటికీ ముక్కు తుడుచుకుంటోంది. సిగరెట్ అట్టని అటూ ఇటూ తిప్పి చూసి క్రిసాంతోని అడిగింది.

"మీ సంతకమేనా?"

"నాదే అమ్మగారూ. బాకీ లేదని నేను ఎప్పుడూ అనలేదు."

ఎంత మర్యాద! బసిలీసా ఒళ్ళు మండింది.

జడ్జి కుందేలు పుస్తకం తెరిచింది. "లూర్దెస్, వంద. మాక్సిమో, యాభై, కోడి ఒకటి. పక్కిల్లు... ఇదేంటి, పేరూ అంకే రెండూ లేవు?"

"పక్కింటివాళ్ళండి. రెండు కిలోల బియ్యం."

"క్రిసాంతో, పదివేలు." జడ్జి ఇంకో రెండు పేజీలు తిప్పింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. "అమ్మా, ఈయన తరవాత పెద్ద అంకె అయిదొందలు. అదీ మీ చర్చి సంఘం అంతా కలిసి ఇచ్చింది. అప్పటికి ఈయన మీకు నలభై రెండువేలు బాకీ. బాకీ ఉన్నవాడు పదివేలు ఊరికే చదివిస్తాడా?"

"చదివించాడండి. మా కూతురికి జ్ఞానతండ్రి. పెట్టె ఖర్చుకి అన్నాడు."

"ఎవరైనా విన్నారా?"

"మా ఆయన" అంది బసిలీసా. అన్నాక అర్థమైంది ఏమందో.

జడ్జి నవ్వలేదు. అది ఆమె మంచితనం. "మీరు ఆ రోజు ఏమన్నారు?"

"ఏమీ అనలేదండి. అనకూడదు కదా."

జడ్జికి తెలుసు. ఆమె కూడా ఈ దీవి మనిషే. తల ఊపింది. కానీ ఊపిన తల కాగితం మీద పడదు. బసిలీసా అప్పుడు తడకల సంగతి చెప్పింది. పన్నెండొందల యాభై, తిరుగు చదివింపు, కోడలు రాసిన పుస్తకం, అన్నీ గుక్క తిప్పుకోకుండా. "బాకీలో ఇచ్చిన డబ్బైతే నేను తిరిగి ఎందుకు చదివిస్తానండి? ఆ పుస్తకం తెమ్మనండి. అందులో నా పేరుంది."

జడ్జి క్రిసాంతో వైపు తిరిగింది. "ఉందా ఆ పుస్తకం?"

క్రిసాంతో చేతిలో టోపీని రెండుసార్లు తిప్పాడు. బసిలీసా కళ్ళల్లోకి చూడలేదు.

"చెదలు తినేశాయి అమ్మగారూ. నీపా ఇల్లు కదా."

వెనక బెంచీ మీద నింఫా నోటిలోంచి ఒక శబ్దం వచ్చింది. నవ్వో ఏడుపో తెలియదు. బంట్రోతు "నిశ్శబ్దం" అన్నాడు.

తీర్పు సాయంత్రానికే వచ్చింది. వచ్చిన డబ్బుగా పదివేలు ఆవిడ పుస్తకంలోనే ఉంది, కాదనడానికి ఆధారం లేదు. నలభై రెండులోంచి పదివేలు పోను ముప్ఫై రెండువేలూ, కోర్టు ఖర్చులూ క్రిసాంతో ఇవ్వాలి. అప్పీలు లేదు. వాడలో అందరూ "గెలిచావటగా!" అన్నారు. బరంగాయ్ హాల్లో ఏ అంకె వద్దని లేచి వచ్చిందో సరిగ్గా అదే అంకె. తేడా ఏంటంటే అక్కడ ఎనిమిదివేలు బల్ల మీద ఉన్నాయి, ఇక్కడ కాగితం ఉంది.

కాగితం పట్టుకుని దుకాణానికి వెళ్తే క్రిసాంతో పెళ్ళాం లోపలి నుంచే అరిచింది. "కోర్టుకెక్కినవాళ్ళకి కోర్టే ఇప్పిస్తుంది! మా గుమ్మం తొక్కకు!" ఆ వారం నుంచి అతను ఆమె తడకలు కొనడం మానేశాడు. మిగతా ఆడవాళ్ళు రేవులో ఆమె పక్కన కూర్చోవడం మానేశారు. వాళ్ళ తడకలు కొనేది అతనే మరి. తప్పు పట్టడానికేం లేదు, కానీ పట్టకుండా ఉండటమూ కష్టమే.

నవంబరు ఒకటిన, పోయినవాళ్ళని తలుచుకునే పండగ రోజు, శ్మశానమంతా జనం, కొవ్వొత్తులు, అన్నం పొట్లాలు, పాటలు. 214 ముందు బసిలీసా ఒక కొవ్వొత్తి వెలిగించి ఎర్ర గీత కనపడకుండా ఆనుకుని కూర్చుంది. అటుపోయేవాళ్ళు చూడకూడదని.

డిసెంబరులో కోర్టు అమీనా వచ్చాడు. అతని ట్రైసికిల్ ఛార్జీ, టీ, ఆమె మీదే. "ఆయన పేరు మీద ఏముందో మీరే చూపించాలి" అన్నాడు. లారీ? అల్లుడి పేరు మీద. దుకాణం? పెళ్ళాం పేరు మీద. స్థలం అద్దెది. చివరికి క్రిసాంతో పేరు మీద తేలినవి ఒక పాత కాటా, మూడు ప్లాస్టిక్ కుర్చీలు.

"జప్తు చేస్తే వేలం ఖర్చులకి కూడా రావు అమ్మా" అన్నాడు అమీనా, నిజంగా బాధపడుతూ.

"ఆ వంటింటి కప్పు నాది" అంది బసిలీసా.

"ఏంటి?"

"ఏం లేదులే బాబూ. టీ తాగు."

కూతురు మిందనావోలో ఉంటుంది. ముగ్గురు పిల్లలు, మొగుడికి పనిలేదు. వెయ్యి పంపింది. నింఫా తిట్టుకుంటూనే పన్నెండొందలు తెచ్చింది. బసిలీసా పట్నంలో ఇంకో వర్తకుడి దగ్గరికి తలమీద మోసుకెళ్ళి తడక అయిదుకి తెగనమ్మింది. జనవరి ముప్ఫై ఒకటి సాయంత్రానికి నాలుగువేల ఆరొందలు. శ్మశానం ఆఫీసులో సగం తీసుకోరు.

ఫిబ్రవరి నాలుగున అర పగలగొట్టారు. కాపలావాడు ముందురోజే కబురు చేశాడు, ఆ మాత్రం దయ ఉంది. సుత్తి దెబ్బకి సిమెంటు రేగింది. పెట్టె చెక్క చీకిపోయి ఉంది. క్రిసాంతో డబ్బుతో కొన్నదో, ఆమె తడకలతో కొన్నదో, ఆ పెట్టె గుప్పెడు పొడి అయింది. ఎముకలు బియ్యం సంచిలో వేశారు. నల్ల మార్కరుతో సంచి మీద "ఫిలెమోన్ 214" అని రాశారు. ఎవరూ తీసుకోకపోతే వెనక గోడ దగ్గర గుంటలో అందరితో పాటు. ఆమె తీసుకుంది. సంచి అంత తేలిగ్గా ఉంటుందని ఆమె అనుకోలేదు. బతికున్నప్పుడు తడిసిన మట్టల మోపు ఒడ్డుకి మోసుకొచ్చిన మనిషి.

ఇంటికి వెళ్ళలేదు. నింఫా ఇంటి దగ్గర ఆగి కుందేలు పుస్తకం అడిగింది.

"ఎందుకిప్పుడు? ఎక్కడికి? అన్నయ్యని పట్టుకుని ఎక్కడికి వదినా?"

"దుకాణానికి."

"వదినా, గొడవొద్దు."

"గొడవ కాదు. పెన్ను కూడా ఇవ్వు."

పొద్దున పదైంది. దుకాణంలో ఇద్దరు మేస్త్రీలు వెదురు బేరమాడుతున్నారు. క్రిసాంతో కాటా దగ్గర ఉన్నాడు. బసిలీసా లోపలికి వచ్చి సంచిని రెండు చేతులతో బల్ల మీద పెట్టింది, పసిపిల్లని పడుకోబెట్టినట్టు. మార్కరు అక్షరాలు అతని వైపు తిప్పింది. క్రిసాంతో చదివాడు. మొహం పాలిపోయింది. అప్రయత్నంగా చెయ్యి నుదుటికి పోయి శిలువ గుర్తు వేసుకుంది. మేస్త్రీలు టోపీలు తీశారు.

"కుమరే... నాకు తెలీదు. ఇంత దూరం వస్తుందని నాకు తెలీదు. డబ్బు చూస్తాను. వచ్చే వారం..."

"డబ్బు అడగడానికి రాలేదు కుంపరే. అది నీ చేతికొచ్చినప్పుడు ఇవ్వు, రాకపోతే మానెయ్."

పుస్తకం తెరిచింది. అతని పేరున్న పేజీ వెతికి, పెన్నుతో "క్రిసాంతో 10,000" అన్న గీతని అడ్డంగా కొట్టేసింది. నెమ్మదిగా, కాగితం చిరగకుండా.

"ఆ పదివేలు బాకీ కిందదేనని కోర్టు తేల్చింది. సరే, ఒప్పుకున్నాను. అలాగైతే మా ఆయన చావుకి నువ్వు ఏమీ చదివించలేదు కుంపరే. ఊరంతా చదివించింది. మాక్సిమో కోడి తెచ్చాడు. నువ్వొక్కడివే లేవు ఇందులో. ఆయన ఇంకా పైనే ఉన్నాడు చూడు, పాతిపెట్టలేదు. ఆలస్యం కాలేదు."

పెన్ను అతని వైపు చాపింది.

"ఇప్పుడు చదివించు. యాభై అయినా సరే, కిలో బియ్యమైనా సరే. నేను మేలు అనను, సాగనంపను. ఎంతిచ్చావో నీ చేత్తో నువ్వే రాయి కుంపరే. దేనికిచ్చావో కూడా రాయి."